అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు: ఒక శనివారం హాలు మాకివ్వండి

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ట్రస్టీలకు నమస్కారం.

ఇది ఉగాది పాసుల గురించో, కన్వెన్షన్ చందాల గురించో రాస్తున్న ఉత్తరం కాదు. మన పిల్లల్లో కొందరి గురించి. మూడేళ్లు నిండినా మాటలు రాని పిల్లలు, ఆటిజం అని డాక్టరు చెప్పిన పిల్లలు, ఫిట్స్ వచ్చే పిల్లలు, తెలివితేటలకు లోటు లేకపోయినా నాలుగో క్లాసులో ఒక పేజీ చదవడానికి నానా అవస్థ పడే పిల్లలు. వీళ్ల విషయంలో పబ్లిక్ స్కూళ్లు ఏం చెయ్యాలో చెప్పే చట్టం గత కొన్నేళ్లలో తల్లిదండ్రుల వైపు బాగా మొగ్గింది. అదే సమయంలో ఆ చట్టాన్ని అమలు చేయించే ఆఫీసులు కొన్ని మూతపడ్డాయి. అంటే ఇకమీదట ఎవరి హక్కు వాళ్లే తెలుసుకుని అడగాలి. మనవాళ్లు అడగడం లేదు. ఎందుకు అడగడం లేదో, మీరేం చెయ్యగలరో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను డాలస్‌కు ఉత్తరాన ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ (ప్రత్యేక విద్య) క్లాసులో టీచరుకు సాయం చేసే ఎయిడ్‌గా పనిచేస్తున్నాను. వేరే డిస్ట్రిక్టుల్లో ఉన్న తెలుగు కుటుంబాలు పిలిస్తే, సెలవు పెట్టుకుని స్కూలు మీటింగుల్లో వాళ్ల పక్కన కూర్చోవడానికి వెళ్తుంటాను. లాయర్‌ని కాను. ఇక్కడ రాసేదంతా ఎవరైనా చదువుకోగలిగిన చట్టాలు, తీర్పులే.

ముందు ఒక కేసు సంగతి వినండి. మినెసోటాలో ఒస్సియో అనే ఊరి పేరుతో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంది. కోర్టు రికార్డుల్లో ఏ.జె.టి. అని మాత్రమే కనిపించే ఒక అమ్మాయికి తీవ్రమైన ఫిట్స్ జబ్బు. ఆ ఫిట్స్ పొద్దున పూట మరీ ఎక్కువ. అందుకని మధ్యాహ్నం దాకా ఆ పిల్ల బడికి రాలేదు. మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా మాత్రం శ్రద్ధగా నేర్చుకోగలదు. అంతకుముందు కెంటకీలో ఉన్నప్పుడు అక్కడి స్కూలు వాళ్లు సాయంత్రం పూట పాఠాలు చెప్పించారు. 2015లో కుటుంబం మినెసోటాకు మారింది. ఇక్కడ సాయంత్రం పాఠాలు కుదరవన్నారు. మిగతా పిల్లలకు రోజుకు ఆరున్నర గంటల చదువు, ఈ పిల్లకు నాలుగుంపావు గంటలే. మిడిల్ స్కూల్‌కు వచ్చేసరికి అది కూడా మూడు గంటలకు కుదిద్దామన్నారు.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1975లో వచ్చి, 1990లో ఐడియా అని పేరు మార్చుకున్న ప్రత్యేక విద్యా చట్టం కింద ఫిర్యాదు చేసి గెలిచారు. సాయంత్రం పాఠాలు వచ్చాయి. అయితే జరిగిన నష్టానికి డబ్బు రూపంలో పరిహారం ఐడియా కింద రాదు. దానికి వికలాంగుల హక్కుల చట్టమైన ఏడీఏ కింద, వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే, 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 కింద విడిగా దావా వెయ్యాలి. వేస్తే కింది కోర్టులు ఏమన్నాయంటే, స్కూలు పొరపాటు చేసిందని చూపిస్తే చాలదు, దురుద్దేశంతోనో, ఘోరమైన తప్పుడు నిర్ణయంతోనో చేసిందని రుజువు చెయ్యాలని. అదే వికలాంగుడు ఒక ఆస్పత్రి మీదో సిటీ ఆఫీసు మీదో దావా వేస్తే ఈ మెట్టు లేదు. బడిపిల్లలకు మాత్రమే ఉంది. 1982 నాటి ఒక అప్పీలు కోర్టు తీర్పులో పుట్టి, అక్కణ్ణుంచి మిగతా కోర్టులకూ పాకింది. మన టెక్సాస్ కేసులు వినే ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా 2010లో హ్యూస్టన్ డిస్ట్రిక్ట్ కేసులో ఇదే మాట అంది.

2025 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద నిలబడి ఆ మెట్టును తీసేశారు. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాసిన తీర్పు అది. బడిపిల్లలకు వేరే, కష్టమైన కొలత పెట్టడానికి చట్టంలో ఎక్కడా ఆధారం లేదని తేల్చేశారు. ఆ అమ్మాయి పరిహారం గెలిచేసిందని కాదు. కేసు మళ్లీ కింది కోర్టుకు వెళ్లింది. మిగతావాళ్లకు ఏ కొలతో తనకూ అదే కొలతతో వాదించుకునే హక్కు వచ్చింది. ఇన్నాళ్లూ డిస్ట్రిక్టుల లాయర్లు మొదటి కాగితంతోనే ఇలాంటి కేసులు కొట్టించేసేవారు. ఇక అంత సులువు కాదు.

దీనికి రెండేళ్ల ముందు, 2023 మార్చిలో, మిషిగన్‌లోని స్టర్జిస్ అనే చోటి నుంచి వచ్చిన కేసు మనలాంటి వలస కుటుంబాలు తప్పకుండా తెలుసుకోవాల్సింది. పెరెజ్ అనే కుర్రాడు తొమ్మిదేళ్ల వయసులో మెక్సికో నుంచి వచ్చాడు. చెవులు వినబడవు. స్కూలు వాళ్లు పక్కన ఒక ఎయిడ్‌ని పెట్టారు. ఆ ఎయిడ్‌కు సైగల భాష రాదు. ఏళ్ల తరబడి ప్రోగ్రెస్ కార్డులో మాత్రం ఏ లు, బీ లు. ఇంట్లోవాళ్లకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. కార్డు చూసి సంతోషపడ్డారు. తీరా చదువు ముగిసే ఏడాది, కొన్ని నెలల ముందు, డిప్లొమా ఇవ్వడం కుదరదన్నారు. వాళ్లు ఐడియా కింద ఫిర్యాదు చేస్తే డిస్ట్రిక్ట్ రాజీకొచ్చి, చెవిటి పిల్లల బడిలో చదివించడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత ఏడీఏ కింద పరిహారం అడిగితే, రాజీ పడ్డారు కాబట్టి ఐడియా దారి చివరిదాకా నడవలేదు, కాబట్టి ఇక్కడికి రావడానికి వీల్లేదని కింది కోర్టులు తలుపు వేసేశాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తలుపు తెరిచింది. ఐడియా ఇవ్వలేని పరిహారం కోసం ఐడియా మెట్లన్నీ ఎక్కి దిగాల్సిన పని లేదంది.

కార్డులో ఏ లు చూసి మురిసిపోవడం మనకు కొత్తేం కాదు కదా.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో పాత లెక్క చెప్పాలి. 2004లో ఈ రాష్ట్ర విద్యా సంస్థ, అంటే టీఈఏ, డిస్ట్రిక్టుల పనితీరు కొలిచే పట్టికలో ఒక అంకె పెట్టింది: ప్రత్యేక విద్యలో పిల్లలు 8.5 శాతం దాటకుండా ఉంటే మంచి మార్కు. అప్పుడు దేశంలో సగటు 13 శాతం దగ్గర ఉంది. ఆ అంకె అందుకోవడానికి డిస్ట్రిక్టులు పిల్లల్ని పరీక్షించడమే తగ్గించేశాయి. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా పన్నెండేళ్లు నడిచింది ఇది. 2017లో రాష్ట్ర శాసనసభ దాన్ని నిషేధించింది. ఇది చట్టాన్ని ఉల్లంఘించడమేనని 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. నిషేధం వచ్చింది గానీ, 'కాస్త ఆగి చూద్దాం, ఇంకా చిన్నవాడు కదా' అనే అలవాటు కొన్ని ఆఫీసుల్లో అలాగే ఉండిపోయింది. విచిత్రమేమిటంటే, మన ఇళ్లలో పెద్దవాళ్లు కూడా అదే మాట అంటారు. 'వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి, కంగారెందుకు' అని. స్కూలు ఆగమంటే, అత్తగారు ఆగమంటే, మధ్యలో పిల్లాడికి రెండేళ్లు పోతాయి.

ఆగక్కర్లేదని చట్టం చెబుతోంది. టెక్సాస్‌లో తల్లిగానీ తండ్రిగానీ కాగితం మీద గానీ, ఈమెయిల్‌లో గానీ, 'మా పిల్లాడికి ప్రత్యేక విద్య అవసరమేమో పరీక్షించండి' అని స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కో, డిస్ట్రిక్ట్ పాలనాధికారికో రాస్తే, 15 స్కూలు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. పరీక్షించకపోతే కారణం రాసి ఇవ్వాలి. మనం సంతకం పెట్టిన రోజు నుంచి సాధారణంగా 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. రిపోర్టు వచ్చాక 30 రోజుల్లో మీటింగు పెట్టాలి. టీచరుతో కారిడార్‌లో నోటిమాటగా అంటే ఈ గడియారం మొదలవదు. రాస్తేనే మొదలవుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక సంవత్సరాలు పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు ఆ మీటింగు గురించి. పిల్లాడికి ఏ సాయం, ఏ లక్ష్యాలు అన్నది రాసే ప్రణాళికను ఐఈపీ అంటారు. ఆ మీటింగును మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అంటారు, ఇక్కడ ఆర్డ్ మీటింగ్ అంటారు. పొడవాటి బల్ల. ఒకవైపు అసిస్టెంట్ ప్రిన్సిపాల్, క్లాసు టీచరు, స్పెషల్ ఎడ్ టీచరు, స్పీచ్ థెరపిస్టు, పరీక్షలు చేసిన డయాగ్నస్టీషియన్. ఇటువైపు అమ్మా నాన్నా. మధ్యలో టిష్యూ డబ్బా, అది ఎప్పుడూ ఉంటుంది. ముప్పై పేజీల కాగితాలు ప్రొజెక్టర్ మీద వరసగా జరిగిపోతుంటాయి. నాన్న ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, ఆఫీసు కాల్ మ్యూట్‌లో ఉంచి, తలూపుతుంటాడు. అమ్మ 'ఓకే, థాంక్యూ' అంటుంది. గంటలో అయిపోతుంది. సంతకం. ఆ తర్వాత పార్కింగ్ లాట్‌లో కారు పక్కన నిలబడి అమ్మ మాట్లాడడం మొదలుపెడుతుంది. బాబు ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడో, లంచ్ డబ్బా ఎందుకు ముట్టుకోకుండా తిరిగొస్తోందో, పోయినేడాది బస్సు మారినప్పటి నుంచి పొద్దున్నే ఎందుకు ఏడుస్తున్నాడో. ఆ బల్ల దగ్గర అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆవిడే. ఆ మాటల్లో ఒక్కటీ ఆ కాగితాల్లో ఉండదు, ఎందుకంటే అవన్నీ తెలుగులో ఉన్నాయి.

ఇక్కడ చట్టం సంగతి చూడండి. తల్లిదండ్రులకు మీటింగులో జరిగేది అర్థమయ్యేలా డిస్ట్రిక్టే ఏర్పాటు చెయ్యాలి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు దుభాషీని పెట్టడం కూడా అందులో భాగమని కేంద్ర నిబంధన పేరుపెట్టి చెబుతోంది. ఖర్చు డిస్ట్రిక్ట్‌ది. టెక్సాస్ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఇంగ్లిష్ మాట్లాడలేని తల్లిదండ్రుల భాష స్పానిష్ అయితే, ఐఈపీని స్పానిష్‌లో రాసో, చదివి రికార్డు చేసో ఇవ్వాలి. స్పానిష్ కాక వేరే భాష అయితే ఇవ్వడానికి తగిన ప్రయత్నం చెయ్యాలి. వేరే భాష అంటే తెలుగు కూడా అందులోదే. కానీ అడిగేవాళ్లు ఏరి? 'ఇంగ్లిష్ రాదంటే చిన్నతనం' అని నాన్న అడగనివ్వడు. మీటింగ్ ఇంగ్లిష్ అంటే ఆఫీసు ఇంగ్లిష్ కాదు, ఆఫీసులో పాతికేళ్లుగా ఉన్నవాళ్లకు కూడా ఆ కాగితంలో సగం ముక్కలు పరాయివే.

ఇంకో సంగతి కూడా చాలా ఇళ్లలో విన్నాను. పిల్లాడికి మాటలు ఆలస్యమైతే ఎవరో ఒకరు 'ఇంట్లో తెలుగు ఆపెయ్యండి, ఇంగ్లిషే మాట్లాడండి' అంటారు. అమ్మ ఆపేస్తుంది. ఆవిడకు వచ్చిన ఇంగ్లిష్‌తో పిల్లాడితో రోజుకు పది వాక్యాలు మాట్లాడుతుంది. అమ్మమ్మతో వీడియో కాల్ బంద్. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. పరీక్ష కూడా పిల్లాడి భాషలో, అదీ పిల్లాడికి తెలిసిందేమిటో సరిగ్గా బయటపడే పద్ధతిలో చెయ్యాలని, వీలైనంత వరకు అలాగే చెయ్యాలని నిబంధన ఉంది. ఇంట్లో తెలుగే విన్న పిల్లాడికి ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం చూపించి మార్కులేస్తే ఆ మార్కులు దేన్ని కొలుస్తున్నట్టు?

సంతకం గురించి ఒక మాట. ఆ కాగితంలో 'ఒప్పుకుంటున్నాను', 'ఒప్పుకోవడం లేదు' అని రెండు గళ్లుంటాయి. రెండోది టిక్ పెడితే కొంప మునగదు. టెక్సాస్‌లో పది స్కూలు రోజులకు మించకుండా విరామం ఇచ్చి మళ్లీ కూర్చోవాలి. ఈ లోపు కాగితాలు ఇంటికి తెచ్చుకుని, పోయినేడాది లక్ష్యాలతో పక్కపక్కన పెట్టి చూడండి. తేదీ మాత్రమే మారి, లక్ష్యాలు అవే ఉంటే అది చిన్న విషయం కాదు. కొలరాడోలో డగ్లస్ కౌంటీ మీద నడిచిన కేసు సరిగ్గా ఇక్కడే మొదలైంది, ఏటా అవే లక్ష్యాలు. 2017లో సుప్రీంకోర్టు ఏమందంటే, నామమాత్రపు ప్రగతి చాలదు, ఆ పిల్లాడి పరిస్థితికి తగ్గ ప్రగతి సాధించేలా ప్రణాళిక ఉండాలి. ఈ తీర్పు రాసింది కూడా రాబర్ట్సే.

తెలిసీ అడగనివాళ్లున్నారు. భయం. 'గ్రీన్ కార్డ్ ఆగిపోతుందేమో', 'రికార్డుల్లో ఎక్కితే అంతే', 'రేపు పెద్దదానికి సంబంధాలు రావు'. మొదటిదానికి జవాబు: ఐఈపీ అంటే ప్రభుత్వం ఇంటికి పంపే డబ్బు సాయం కాదు, చదువు. ఈ దేశంలో పబ్లిక్ స్కూలు తలుపు దగ్గర వీసా అడగకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరి డిస్ట్రిక్ట్ మీద వచ్చిన కేసులో. అప్పుడు కాగితాలు లేని పిల్లల దగ్గర ఏడాదికి వెయ్యి డాలర్లు ఫీజు అడిగారు. మన పిల్లలు కాగితాలన్నీ ఉన్నవాళ్లు. రెండోదానికి జవాబు: స్కూలు రికార్డుల గోప్యతకు 1974 నుంచీ వేరే చట్టమే ఉంది. మూడోదానికి నా దగ్గర చట్టం లేదు. దానికి మీరు కావాలి. స్పెల్లింగ్ బీలో గెలిచిన పిల్లల్ని స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతారు, మంచిదే. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లాడు మొదటిసారి ఒక పుస్తకం పూర్తిచేస్తే వాణ్ణి కూడా ఒకసారి ఎక్కించండి. నలుగురిలో ఆ మాట పలికితే సగం భయం పోతుంది. 2023లో టెక్సాస్ శాసనసభ డిస్లెక్సియాను కూడా ఐడియా కిందికి స్పష్టంగా తెచ్చింది. అంతకుముందు చాలామంది పిల్లల్ని సెక్షన్ 504 కింద ఒక చిన్న కాగితంతో సరిపెట్టేసేవారు.

ఇంత చట్టం ఉండగా తొందరేమిటంటారేమో. చెప్తాను. 2025 మార్చిలో కేంద్ర విద్యాశాఖ తన సిబ్బందిలో దాదాపు సగం మందిని తీసేసింది. వివక్ష ఫిర్యాదులు విచారించే పౌర హక్కుల విభాగానికి దేశంలో పన్నెండు ప్రాంతీయ ఆఫీసులుంటే ఏడింటిని మూసేసింది. అందులో డాలస్ ఒకటి. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో, న్యూయార్క్ కూడా పోయాయి. కొంపదీసి లెక్క వేసి మూశారా అనిపించింది, మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లే కదా. తొలగింపులను కింది కోర్టు ఆపితే, జులై 14న సుప్రీంకోర్టు కేసు తేలేలోపు అవి కొనసాగవచ్చంది. లాయరు అక్కర్లేకుండా, ఖర్చు లేకుండా ఆ ఆఫీసుకు ఒక ఫిర్యాదు రాసుకునే వీలు తల్లిదండ్రులకు ఉండేది. ఇప్పటికీ రాయొచ్చు, ఎప్పుడు చూస్తారన్నదే ప్రశ్న. దీనికి తోడు 2024 సెప్టెంబర్‌లో టెక్సాస్‌తో సహా 17 రాష్ట్రాలు కేంద్ర నిబంధనల మీద వేసిన దావాలో సెక్షన్ 504 రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించమని కూడా అడిగాయి. గోల రేగాక, తమ ఉద్దేశం అది కాదని కోర్టుకు చెప్పుకున్నాయి.

కాబట్టి మిగిలిన దార్లు తెలిసి ఉండాలి. టీఈఏకు రాతపూర్వక ఫిర్యాదు చేస్తే 60 రోజుల్లో తేల్చాలి. ఏడాది లోపు జరిగినదానికే చెయ్యాలి. లాయరు అవసరం లేదు. అది కాక డ్యూ ప్రాసెస్ హియరింగ్, అంటే విచారణాధికారి ముందు కోర్టులాంటి విచారణ, ఉంది. అక్కడ రుజువు భారం అడిగినవాళ్ల మీదే ఉంటుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగేది ఎక్కువసార్లు తల్లిదండ్రులే కదా. అందుకే ప్రతి ఈమెయిల్ దాచుకోవాలి, ఫోన్‌లో మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే రాసి పంపాలి. కన్సల్టెన్సీ కాంట్రాక్టులో కామా కూడా వదలకుండా చదివే మనవాళ్లు, పిల్లాడి ఐఈపీని డ్రైవర్ సీట్లో కూర్చుని ఫోన్ మీద సంతకం పెట్టేస్తారు.

ఆఫీసులో సెలవు అడగడానికి మొహమాటపడే నాన్నలకు: పిల్లాడి పరిస్థితి తీవ్రమైన ఆరోగ్య సమస్య కిందికి వస్తే, ఐఈపీ మీటింగుకు వెళ్లడం ఫ్యామిలీ మెడికల్ లీవ్ చట్టం కింద సెలవుకు తగిన కారణమేనని కేంద్ర కార్మిక శాఖ 2019 ఆగస్టు 8న రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చింది. కంపెనీలో 50 మంది ఉండాలి, మీరు ఏడాదిగా, 1,250 గంటలు పనిచేసి ఉండాలి. సెలవును గంటల లెక్కన కూడా వాడుకోవచ్చు. జీతం ఇవ్వకపోవచ్చు, ఉద్యోగానికి మాత్రం రక్షణ ఉంటుంది.

మనలో స్కూల్ డిస్ట్రిక్టుల్లో, సిటీ, కౌంటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి వాళ్ల కోసం కూడా రెండు ముక్కలు. ఎక్కువమంది హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని అనుమతి దొరికాక ఎయిడ్లుగా, సబ్‌స్టిట్యూట్ టీచర్లుగా చేరిన ఆడవాళ్లు. పండగకు సెలవు అడిగితే 'కుదరదు' అనడం యజమానులకు ఇదివరకటంత తేలిక కాదు. 2023 జూన్ 29న, ఆదివారం పని చెయ్యనన్న ఒక పోస్టల్ ఉద్యోగి కేసులో, మతపరమైన వెసులుబాటు ఇవ్వనంటే దానివల్ల తమ పనికి గణనీయంగా అదనపు భారం పడుతుందని యజమాని చూపించాలని సుప్రీంకోర్టు అంది. అదేదో కాస్త ఇబ్బంది అంటే ఇక చాలదు. ఆ ఉద్యోగి క్రైస్తవుడు, తీర్పు అందరిదీ. సంక్రాంతికైనా, రంజాన్‌కైనా పనికొస్తుంది. 2024 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్ పోలీసు సార్జెంట్ కేసులో ఇంకోటి తేలింది: వివక్షతో బదిలీ చేస్తే, జీతం తగ్గకపోయినా, ఎంతో కొంత నష్టం జరిగిందని చూపిస్తే కేసు నిలుస్తుంది.

హెచ్1బీ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు సంగతి అందరికీ తెలుసు, టీవీల్లో సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడారు. 2025 సెప్టెంబర్ 19 నాటి ఆ ప్రకటన విదేశాల నుంచి కొత్తగా టీచర్ని తెచ్చుకునే స్కూల్ డిస్ట్రిక్టుకు కూడా తగులుతుంది. కంపెనీ ఏదో లెక్క చూసుకుని కడుతుందేమో, కొత్త టీచరు ఏడాది జీతం కంటే ఎక్కువ ఫీజు ఏ పబ్లిక్ స్కూలు కడుతుంది? ప్రత్యేక విద్య టీచర్లు దొరక్క క్లాసులు నెలల తరబడి సబ్‌స్టిట్యూట్‌ల చేతిలో నడవడం నేను రోజూ చూస్తున్నాను. 1975లో దేశంలో ఒక్కో పిల్లాడి చదువుకయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామన్న కేంద్రం ఏ ఒక్క ఏడాదీ అంత ఇవ్వలేదు. కాబట్టి డిస్ట్రిక్ట్ వాళ్లంతా దుర్మార్గులని నేను అనడం లేదు, నా జీతమూ అక్కడే. డబ్బు తక్కువైనప్పుడు ఎవరు గట్టిగా అడుగుతారో వాళ్ల పిల్లలకు ముందు అందుతుంది. అడగనివాళ్లకు మిగిలింది.

అడిగే చోటు ఒకటుంది. స్కూల్ బోర్డు మీటింగ్. మన కాలనీల్లో ఇళ్ల ధర స్కూల్ రేటింగ్‌ని బట్టి నిర్ణయమవుతుంది. ఆ స్కూళ్ల బడ్జెట్ తేల్చే మీటింగు హాల్లో మాత్రం మన మొహం కనబడదు. టెక్సాస్‌లో 2019 నుంచి, అజెండాలో ఉన్న ఏ విషయం మీదైనా, బోర్డు దాన్ని చర్చించేలోపో చర్చించేటప్పుడో మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి మీటింగు నోటీసు మూడు పనిదినాల ముందే పెట్టాలి. ఆ 2019 చట్టంలోనే ఎవరూ వాడుకోని ఒక వాక్యం ఉంది: మాట్లాడే సమయానికి పరిమితి పెట్టినప్పుడు, అప్పటికప్పుడు అనువదించే పరికరాలు లేకపోతే, దుభాషీ ద్వారా మాట్లాడేవాళ్లకు కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. ఇంగ్లిష్‌లో మూడు నిమిషాలైతే తెలుగులో ఆరు. పార్కింగ్ లాట్‌లో మాట్లాడే ఆ అమ్మకు ఆ మైకు ముందు ఆరు నిమిషాలు చాలు.

మీ దగ్గర కోరేది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతి ఊళ్లో మీకు హాళ్లు, వాట్సాప్ గ్రూపులు, శని ఆదివారాలు పాఠాలు చెప్పే వలంటీర్లు ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు, ఒక శనివారం పూట హాలు ఇవ్వండి. పరీక్షకు అడిగే ఉత్తరం నమూనా, తల్లిదండ్రుల హక్కుల కాగితంలో ముఖ్యమైన పేజీలు తెలుగులో పెట్టి, మీ పేరు మీద పంచండి. మీటింగులకు తోడు రాగలిగిన దుభాషీల జాబితా ఒకటి తయారుచెయ్యండి, తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లోకీ మార్చగల ఎంఏలు, రిటైరైన లెక్చరర్లు పిల్లల దగ్గరికొచ్చి ఆరేసి నెలలు ఖాళీగా కూర్చుంటున్నారు. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు డబ్బు తీసుకోకూడదు, సాయానికి పక్కన కూర్చోవచ్చా అన్నది ముందే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కనుక్కోండి, మీ ట్రస్టీల్లోనే ముగ్గురు నలుగురు లాయర్లుంటారు. వాళ్లనే ఆ శనివారం గంటసేపు కూర్చోబెట్టండి. అన్ని సంఘాలూ కలిసి చేస్తే ఇంకా మంచిది. ఒకళ్ల బ్యానర్ మీద ఇంకొకళ్ల లోగో చిన్నదైందని గొడవ వస్తుందంటే, బ్యానర్ లేకుండానే చేద్దాం.

ఇక్కడ స్కూళ్లు ఆగస్టులో తెరుస్తారు. పరీక్ష కోరుతూ ఉత్తరం మొదటి వారంలోనే వెళితే శీతాకాలపు సెలవుల్లోపు రిపోర్టు చేతికొచ్చే వీలుంటుంది. అందుకని మొదటి శనివారం జులైలో అయితే బాగుంటుంది. మాట్లాడడానికి నాతోపాటు ఒక స్పీచ్ థెరపిస్టు, ఇద్దరు తల్లులు సిద్ధంగా ఉన్నారు. పిల్లల్ని వెంట తెచ్చుకునేవాళ్ల కోసం పక్కన ఒక గది, అందులో లైట్లు కాస్త తగ్గించి, మైకు వినబడకుండా ఉంటే చాలు. తేదీ, హాలు వివరాలు మీ గ్రూపుల్లో పెట్టండి, మేం చూసుకుని వస్తాం.

ఇట్లు,
డాలస్ ప్రాంతంలో పనిచేసే ఒక స్పెషల్ ఎడ్యుకేషన్ ఎయిడ్